కజక్ వెండి నగను ముందు బోర్లా తిప్పి చూడండి: కొనడం, గుర్తుపట్టడం, దాచుకోవడం

మా చెల్లి కజకిస్థాన్‌లోని అల్మాటీలో మెడిసిన్ చదివింది. తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి చదువుకు వెళ్లే పిల్లలు చాలామందే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. దాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక మధ్యాహ్నం జిబెక్ జోలీ వీధిలో ఓ బల్ల ముందు ఆగి, అన్నిట్లోకీ ఎక్కువ మెరుస్తున్న వెడల్పాటి కంకణం చేతిలోకి తీసుకున్నాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని, బోర్లా తిప్పి లోపలివైపు చూపించింది. అద్దంలా నున్నగా ఉంది, ఒక్క సుత్తి దెబ్బ జాడ లేదు. తర్వాత తన చేతికున్నది తీసి నా అరచేతిలో పెట్టింది. లోపల చిన్న చిన్న సొట్టలు, అతుకు దగ్గర సన్నటి నల్ల గీత, ఏళ్ల తరబడి చర్మానికి రాసుకుని అరిగిపోయిన అంచు. బేరం ఆడబోతే, "ఇది అమ్మేది కాదు" అని చెల్లి చేత చెప్పించి నవ్వింది.

ఆ రోజు నుంచి కజక్ వెండి ఎక్కడ కనిపించినా ముందు వెనకవైపే చూస్తున్నాను. ఈ మార్గదర్శిలో చెప్పేది చాలావరకు ఆ అలవాటు నేర్పిందే. మీ పిల్లలు అక్కడ చదువుతున్నా, ఊరికే చూసొద్దామని మీరు వెళ్తున్నా, ఆన్‌లైన్‌లో ఏదో చూసి మనసుపడ్డా, ఈ వరసలో వెళ్తే డబ్బు దండగ కాదు.

మొదటి పని: పేరు తెలుసుకోండి, ఎవరు వేసుకునేదో తెలుసుకోండి

కజక్ భాషలో వెండిని "కుమిస్" అంటారు, కంసాలిని "జెర్గెర్" అంటారు. గడ్డి మైదానాల్లో గుర్రాలతో, గొర్రెలతో ఋతువుకో చోటికి కదిలే జీవితం వాళ్లది. బ్యాంకు, బీరువా, సంబరం, రక్షణ అన్నీ ఒంటి మీదే ఉండాలి. అందుకే ప్రతి నగకూ ఒక వయసు, ఒక సందర్భం ఉంటాయి. అది తెలియకుండా కొంటే పెళ్లికూతురి బాసికం తెచ్చి షోకేసులో పెట్టినట్టుంటుంది.

ఉంగరాల దగ్గర మొదలుపెడదాం. రాయి ఉన్నదాన్ని ఎక్కువగా "జుజిక్" అంటారు, రాయి లేనిదాన్ని "సకినా" అంటారు. బజారులో ఈ తేడా అందరూ పాటించరు గానీ, మీరు సరైన మాట వాడితే అమ్మే మనిషి మిమ్మల్ని చూసే చూపు కాస్త మారుతుంది. ఉంగరాలన్నిట్లో నాకు ఇష్టమైనది "కుదాగీ జుజిక్". కుదాగీ అంటే వియ్యపురాలు. ఇది అక్షరాలా వియ్యపురాలి ఉంగరం. ముందునుంచి చూస్తే ఒకటే పెద్ద ముఖం ఉంటుంది, వెనక్కి తిప్పితే రెండు వేళ్లకు రెండు కమ్మీలు కనిపిస్తాయి. మా అమ్మాయిని బాగా చూసుకుంటున్నావు అని పిల్ల తల్లి అత్తగారికి ఇచ్చే కానుక ఇది. రెండు కుటుంబాలు ఒకే ముఖం కింద కలిశాయని దాని అర్థం. మన దగ్గర ఆడపడుచు లాంఛనాలకూ అత్తగారి లాంఛనాలకూ లోటు లేదు గానీ, పెళ్లయ్యాక కొన్నాళ్లు ఆగి, అత్తగారి నడవడి చూసి ఇచ్చే కానుక ఒకటుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

కంకణాన్ని "బిలెజిక్" అంటారు. గుండ్రటి కడ్డీలా ఉంటే జుమిర్, మెలిపెట్టింది బురామా, పోతపోసింది కుయ్మా, కీలు ఉన్నది తొప్సాలీ. గొలుసులతో వేళ్ల ఉంగరాలకు కలిపిన కంకణం కూడా ఉంది, దాన్ని "బెస్ బిలెజిక్" అంటారు.

జడకు వేలాడేవి "షోల్పీ", "షష్‌బౌ". మన జడకుచ్చుల్లాంటివే గానీ బరువెక్కువ. నాణేలు, గొలుసులు, పూసలు కలిపి నడుము దాకా దిగుతాయి, నడుస్తుంటే గలగలమంటాయి. ఆ చప్పుడుకి చెడుగాలి దగ్గరికి రాదని నమ్మకం. పిల్ల వస్తోందని గుడారంలోని పెద్దలకు ముందే తెలుస్తుంది, అది వేరే ప్రయోజనం. జడ లాగుతూ ఉంటుంది కాబట్టి నడక కూడా నిటారుగా వస్తుందంటారు. కజక్ భాషలో ఒకరి "షష్‌బౌ ఎత్తడం" అనే నానుడి ఉంది. మనం "వంత పాడటం" అనే చోట వాళ్లు అది వాడతారు.

చెవిపోగులు "సిర్గా". రొమ్ము మీద వెడల్పుగా పరుచుకునే నగ "ఒంగిర్‌జియెక్". కోటుకు పెట్టే కొక్కెం "కప్సిర్మా". పెళ్లికూతురి పొడవాటి శంఖాకారపు కిరీటం "సౌకెలే". మగవాళ్లకు వెండి బిళ్లలు కొట్టిన తోలు పటకా, "కిసె బెల్బెవ్". గుర్రపు జీనుకీ, కొరడా పిడికీ కూడా వెండి పనే చేసేవారు. వాటి సంగతి ఇక్కడ ఎత్తుకోను. మనలో ఎవరూ జీను కొనరు.

ఇంత ఉన్నా బంగారం ఎందుకు తక్కువ అని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. 1969లో అల్మాటీకి దగ్గర్లోని ఇసిక్ దిబ్బలో కెమాల్ అకిషెవ్ బృందానికి దొరికిన "బంగారు మనిషి" ఒంటి మీద దాదాపు నాలుగు వేల బంగారు ముక్కలున్నాయి. అయితే ఆయన క్రీస్తు పూర్వపు శకుల కాలంవాడు. కజక్‌ల ఇంటి నగ వెండే. వెండి శుభ్రం చేస్తుందని వాళ్ల నమ్మకం. వంట చేసే ఆడమనిషి వేలికి ఉంగరం లేకపోతే ఆ తిండి శుద్ధి కాదనేవారు. బిడ్డ పుట్టిన నలభయ్యో రోజున నలభై చెంచాల నీళ్లు పోసి స్నానం చేయించేటప్పుడు ఆ నీళ్లలో వెండి నాణేలు, ఉంగరాలు వేస్తారు. తర్వాత వాటిని వచ్చిన ఆడవాళ్లు పంచుకుంటారు. ఉగ్గుగిన్నె వెండిదే ఉండాలని పట్టుబట్టే మన అమ్మమ్మలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండో పని: బోర్లా తిప్పండి

ఇదే అసలు పని. ఫోన్ కెమెరాను దగ్గరగా తీసే మోడ్‌లో పెట్టి, పగటి వెలుతురులో, నగను గుడ్డ మీద బోర్లించండి. ఏం చూడాలంటే:

సుత్తి జాడ. చేత్తో సాగగొట్టిన రేకు ఎంత నునుపు చేసినా వెనక కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అచ్చులో పోసింది అయితే చిన్న బుడగ గుంటలు, అంచున సన్నటి అతుకు గీత కనిపిస్తాయి. పోతపని దానికదే నకిలీ కాదు, పాత జెర్గెర్లు కూడా పోతపోసేవారు. కానీ "చేత్తో కొట్టింది" అని చెప్పి పోత నగ అమ్ముతుంటే అక్కడ ఆగండి.

అరుగుదల ఎక్కడుంది. ఉంగరం అరిచేతి వైపు, కంకణం మణికట్టు ఎముకకు తగిలే చోట, గొలుసు వేలాడే కొక్కీ పైభాగం, ఈ మూడు చోట్లా నిజమైన వాడకం కనిపిస్తుంది. కొక్కీ కన్నం గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటే అది చాలా ఏళ్లు వేలాడిందన్నమాట. మందు పూసి నల్లబరిచిన కొత్త నగలో నలుపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, కొక్కీ కన్నాలు మాత్రం కొత్తగా గుండ్రంగా ఉంటాయి.

మరమ్మతు. పాత నగలో ఏదో ఒకటి మారే ఉంటుంది: రంగు తేడా ఉన్న అతుకు, వేరే వరస గొలుసు, పోయిన రాయి చోట గాజు. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు. నాకైతే మరమ్మతు లేని "వందేళ్ల" నగను చూస్తేనే అనుమానం.

నాణేలు. షోల్పీకి వేలాడే నాణేల మీద సంవత్సరం చదవండి. 1924 నాటి సోవియట్ వెండి నాణెం ఉందంటే ఆ నగ, కనీసం ఆ ముక్క, 1924 కంటే ముందుది కాదు. "మా ముత్తాతల కాలం, జారు చక్రవర్తి రోజులది" అని చెప్పే కథలు చాలా ఇక్కడే తేలిపోతాయి. రష్యన్ వెండి రూబుళ్లు, చైనా నుంచి వచ్చిన "జంబీ" అనే వెండి కడ్డీలు కరిగించి నగలు చేసేవారు కాబట్టి వెండి పాళ్లు నగకీ నగకీ మారతాయి. జంబీని పొడవాటి గడకు వేలాడదీసి గుర్రం మీంచి కొట్టే పోటీ కూడా ఉండేది.

మూడో పని: ముద్ర చదవండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు

రష్యా సామ్రాజ్యంలో వెండికి "84" అని ముద్ర వేసేవారు. అంటే 96 పాళ్లలో 84, మన లెక్కలో వెయ్యికి 875. 1927 నుంచి సోవియట్ దేశంలో నేరుగా 875 అని వేయడం మొదలైంది. 925 ఇప్పటి కొత్త నగల మీద మామూలుగా కనిపించేది. కాబట్టి "వందేళ్లనాటిది" అని చెబుతున్న నగ మీద 925 ఉంటే నమస్కారం పెట్టి ముందుకు నడవండి.

కానీ ఊళ్లో, గుడారంలో కూర్చుని జెర్గెర్ చేసిన నగకు ముద్ర ఎక్కడిది? ఆయన దగ్గర ఉండేది చిన్న దాగలి, సుత్తి, పటకారు, తోలు తిత్తి, ఆకురాయి, తీగ లాగే పలక. ముద్ర లేదన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. ముద్ర లేని నగకు తూకమే సాక్ష్యం.

నాలుగో పని: నీళ్లలో తూచండి

ఇది రాళ్లు లేని, లోపల బోలు కాని, నిండు వెండి నగకు మాత్రమే. రాళ్ల వెనక రేకు పెట్టిన నగను నీళ్లలో ముంచితే అది పాడవుతుంది. ఎందుకో కింద చెబుతాను.

బజారు బల్లల మీద ఎక్కువగా కనిపించే నకిలీ పేరు మెల్హియోర్, అంటే రాగి, నికెల్ కలిపిన తెల్ల లోహం. మన దగ్గర జర్మన్ సిల్వర్ అనే దానికి దగ్గర చుట్టం. రంగు దాదాపు అదే. బరువు మాత్రం దొరికిపోతుంది.

సున్నా పాయింట్ ఒక గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ముందు నగను మామూలుగా తూచండి. నా దగ్గరున్న జుమిర్ కంకణం 41 గ్రాములు వచ్చింది. తర్వాత త్రాసు మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి, సున్నా నొక్కి, నగను సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కీ, గోడకీ తగలకూడదు. బుడగలు అంటుకుని ఉంటే దారాన్ని చిన్నగా కదిపి వదిలించండి. ఇప్పుడు త్రాసు చూపించేది ఆ నగ పక్కకు నెట్టిన నీటి బరువు. నాది 4.0 చూపించింది. 41ని 4తో భాగిస్తే 10.25.

శుద్ధ వెండికి ఈ లెక్క 10.5, 875 వెండికి దాదాపు 10.3, మెల్హియోర్‌కు 8.9 దరిదాపుల్లో వస్తుంది. అదే 41 గ్రాముల కంకణం మెల్హియోర్‌ది అయితే త్రాసు 4.6 చూపించేది. చేయి కాస్త వణికినా ఈ రెంటినీ తికమకపడే ప్రమాదం లేదు. అయస్కాంతం పరీక్ష కూడా చేయొచ్చు గానీ దానివల్ల తేలేది తక్కువ. అంటుకుంటే వెండి కాదని తెలుస్తుంది, అంతే. మెల్హియోర్ కూడా మామూలుగా అంటుకోదు.

దుకాణంలో ఈ ప్రయోగం చేస్తానంటే అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్న చోట కొనడం మంచిది.

ఐదో పని: పనితనం ఏ ప్రాంతానిదో చూడండి

కాస్పియన్ సముద్రం వైపు, మంగిస్తావ్, అతిరావ్ ప్రాంతాల నగలు దూరంనుంచే తెలిసిపోతాయి. పెద్దవి, బరువైనవి, లెక్కగీసినట్టుండే ఆకారాలు. వెండి రేకు మీద బంగారు పూత, దాని మీద ఇసుక చల్లినట్టు బొబ్బల బొబ్బల పని, మధ్యలో ఎర్రటి అకిక్ రాయి లేదా ఎర్ర గాజు. దక్షిణాన ఉజ్బెక్ పట్టణాల ప్రభావంతో పగడం, పెరుజా అనే పచ్చనీలం రాయి, రంగురాళ్లు ఎక్కువ కనిపిస్తాయి. మిగతా చోట్ల చెక్కుడు పని, గీతల్లో నల్లటి మిశ్రమం నింపిన నగిషీ ఎక్కువ. ఆకారాల్లో అన్నిచోట్లా తిరిగి తిరిగి వచ్చేది "కొష్కార్ మూయిజ్", పొట్టేలు కొమ్ము. రెండు వైపులా చుట్ట తిరిగిన ఆ కొమ్ము చూస్తే కజక్ రగ్గులు, గుడారం తడికెలు, నగలు అన్నీ ఒకే చేతివనిపిస్తాయి.

ఆ బొబ్బల పని గురించి ఇంకొంచెం. వెండి గింజల్ని ఒక్కొక్కటీ చేసి రేకు మీద కరిగించి అతికే పనిని వాళ్లు "సిర్కెలెవ్" అంటారు. సిర్కె అంటే ఈపి. వెంట్రుకకు పట్టుకున్న ఈపుల్లా గింజలు వరసగా కూర్చుంటాయని ఆ పేరు. నగల పనికి ఇంత నిర్మొహమాటమైన పేరు మన కంసాలులు కూడా పెట్టలేదేమో. పశ్చిమ నగల్లో ఎక్కువగా ఉండేది దీనికి నకలు: పలచటి రేకును అచ్చు మీద కొట్టి, గింజలున్నట్టు పొంగించి, దాన్ని కింద రేకుకు అతికిస్తారు. ఇది మోసం కాదు, అక్కడి పద్ధతే అది. తేడా చూడాలంటే దీపం పక్కనుంచి వేయండి. నిజం గింజకు అడుగున సన్నటి నీడ గీత ఉంటుంది, పొంగించినదానికి ఆ గీత ఉండదు.

తీగపని కూడా ఉంది. కరీంనగర్ ఫిలిగ్రీ చూసిన కళ్లకు అది వెంటనే తెలుస్తుంది, తేడా కూడా తెలుస్తుంది. కరీంనగర్ పనిలో తీగల మధ్య ఖాళీలోంచి వెలుతురు దూరుతుంది. కజక్ నగల్లో తీగను చాలాసార్లు రేకు మీదే అతికిస్తారు, వెనక నిండుగా ఉంటుంది. గుర్రం మీద తిరిగే మనిషికి జాలీ నగ ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఒక హెచ్చరిక. తుర్క్‌మెన్ నగల్ని కజక్ నగలని అమ్మడం మామూలే. వెండి మీద బంగారు పూతతో లతలు తిప్పి, మధ్యలో అకిక్ రాళ్లు వరసగా పొదిగిన పెద్ద నగ కనిపిస్తే అది తుర్క్‌మెన్ తెకె తెగదయ్యే అవకాశం ఎక్కువ. దానివల్ల విలువ తగ్గదు గానీ, పేరు తప్పుగా చెప్పేవాడు మిగతావి నిజం చెబుతున్నాడని ఎలా నమ్మడం?

ఆరో పని: రాళ్లు

రాళ్ల పేర్లు మనకు కొత్త కాదు. పగడాన్ని "మర్జాన్", ఎర్ర రాయిని "అకిక్", పచ్చనీలం రాయిని "పెరుజా" అంటారు. చార్మినార్ దగ్గర ఉంగరాల రాళ్లు అమ్మేవాళ్లను అడగండి. మర్జాన్, అకీక్, ఫిరోజా అని దాదాపు అవే మాటలు వినిపిస్తాయి. పారసీ, అరబీ మాటలు అటూ ఇటూ రెండు దిక్కులకీ ప్రయాణం చేశాయి.

రాయికి బదులు గాజు ఉందని ముఖం తిప్పుకోవద్దు. పాత జెర్గెర్లే ఎర్ర గాజు వాడేవారు, మెరుపు రావడానికి దాని వెనక రేకో, రంగు గుడ్డో పెట్టేవారు. నీళ్లు లోపలికి దిగితే ఆ రేకు మసిబారుతుంది, గుడ్డ కుళ్లుతుంది, రాయి చచ్చిన కన్నులా అయిపోతుంది. నీళ్లలో ముంచొద్దని ముందు చెప్పింది అందుకే. అనుమానం పడాల్సింది ప్లాస్టిక్ విషయంలో. పెదవికి ఆనిస్తే రాయి, గాజు చల్లగా తగులుతాయి, ప్లాస్టిక్ తగలదు. పూస కన్నం దగ్గర రంగు పేరుకుని ఉంటే రంగద్దిన పూస.

ఏడో పని: తుమార్ దగ్గర మర్యాద

"తుమార్" అంటే తాయెత్తు. మొల్లా రాసిచ్చిన దువా కాగితాన్ని మూడు మూలలుగా మడిచి, గుడ్డలోనో తోలులోనో పెట్టి కుడతారు. డబ్బున్నవాళ్లు వెండి గూడు చేయించేవారు. త్రికోణం ఎక్కువ, గొట్టం ఆకారంవీ ఉంటాయి. త్రికోణం అడుగున గొలుసులు, చివర్లలో చిన్న చిన్న వెండి ఆకులు వేలాడతాయి. రొమ్ము మీద వేసుకునేది "బోయ్‌తుమార్". పసిపిల్లలకు, పెళ్లికూతుళ్లకు, ఆఖరికి మంచి గుర్రం మెడకూ కట్టేవారు. త్రికోణం ఇస్లాం కంటే పాతదని చాలామంది అంటారు. కొండ అనీ, ఆడదాని సంతానశక్తి అనీ ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు. తాయెత్తు కట్టడం మతానికి విరుద్ధమనే మొల్లాలు కూడా ఇప్పుడు అక్కడ ఉన్నారు. కాబట్టి ఒక ఇంట్లో గర్వంగా చూపిస్తారు, ఇంకో ఇంట్లో ఆ మాట ఎత్తితే ఇబ్బందిపడతారు.

పాత తుమార్ కొంటే మూత తీయడానికి గోరు పెట్టకండి. లోపల కాగితం ఉండొచ్చు. అది ఎవరో ఎవరి కోసమో రాయించుకున్నది. మన ఇళ్లలో చంటిపిల్లాడి మొలతాడుకున్న తాయెత్తును ఎవరైనా విప్పి చూస్తానంటే ఊరుకుంటామా? మెల్లగా ఊపి చూడండి, లోపల ఏదైనా కదిలితే తెలుస్తుంది. కొత్తగా చేసినవి చాలావరకు గూడే లేని ఒట్టి బిళ్లలు. అది తప్పు కాదు, తుమార్ ఆకారంలోని లాకెట్ అని తెలిసి కొంటే చాలు.

చెడు చూపును, చెడు మాటను కలిపి వాళ్లు "తిల్ కొజ్" అంటారు. తిల్ అంటే నాలుక, కొజ్ అంటే కన్ను. మనం నరదిష్టి అనే దాంట్లో నాలుక కూడా చేరిందన్నమాట. "ఎంత ముద్దుగా ఉన్నాడో" అన్న మాటకు కూడా దిష్టి తగులుతుందని వాళ్లకీ భయమే. దానికి "కొజ్‌మొన్షక్" ఉంది: నల్ల పూస మీద తెల్ల చుక్కలు, పసివాడి మణికట్టుకో టోపీకో కుడతారు. మన చంటిపిల్లల నల్లపూసల దిష్టి గాజు పక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. బజారులో కట్టలు కట్టలుగా వేలాడే నీలం గాజు కన్ను మాత్రం టర్కీ వైపు వస్తువు. ముచ్చటపడితే కొనుక్కోండి గానీ కజక్ తాయెత్తు అని డబ్బివ్వకండి. పిల్లల టోపీల మీద, ఉయ్యాలల మీద గుడ్లగూబ ఈకలు కట్టి ఉంటే "ఉకీ" అంటారు, అదీ రక్షణకే. మనకు గుడ్లగూబ అంటేనే కీడు శంక, వాళ్లకు దాని ఈక కాపలా.

ఎనిమిదో పని: చూడ్డం ఒక చోట, కొనడం ఇంకో చోట

కొనడానికి ముందు అల్మాటీలో కస్తేయెవ్ కళా మ్యూజియంలోనో, సెంట్రల్ స్టేట్ మ్యూజియంలోనో ఒక పూట గడపండి. అస్తానా వెళ్తే నేషనల్ మ్యూజియం. అద్దాల వెనక అసలైనవి పది చూస్తే బజారులో కన్ను దానంతటదే ఏరుతుంది. మార్చిలో నౌరీజ్ అనే వసంతకాలపు కొత్త సంవత్సరం పండుగ రోజుల్లో వెళ్తే ఇంకా మంచిది. ఈమధ్య మార్చి 18ని జాతీయ దుస్తుల రోజుగా జరుపుతున్నారు. ఆఫీసులో పనిచేసే అమ్మాయిలు కూడా వెల్వెట్ కోట్లు, వెండి కొక్కేలు, షోల్పీలతో కనిపిస్తారు. మ్యూజియంలో కదలకుండా ఉన్న నగ నడిచే మనిషి మీద ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

పాతవి ఎందుకంత తక్కువ అంటే, 1930 నుంచి 1933 దాకా కజకిస్థాన్‌ను ఘోరమైన కరువు తుడిచిపెట్టింది. 1931లో మొదలై 1936లో మూతపడిన తోర్గ్‌సిన్ దుకాణాలు సోవియట్ దేశమంతటా జనం దగ్గర బంగారం, వెండి తీసుకుని పిండి, నూనె ఇచ్చేవి. తల్లుల చెవిపోగులు పిండి మూటలయ్యాయి. ఆ పెద్దావిడ తన కంకణం అమ్మనని నవ్వినప్పుడు నాకిదేమీ తెలియదు.

అందుకే నా సలహా: పాతది కొనాలన్న మోజు కాస్త తగ్గించుకుని, ఇప్పుడు పనిచేస్తున్న జెర్గెర్ దగ్గర కొత్తది చేయించుకోండి. ముద్ర ఉంటుంది, బిల్లు ఉంటుంది, మీ వేలికి సరిపోతుంది. పాతదే కావాలంటే, సాంస్కృతిక విలువ ఉన్న వస్తువును దేశం దాటించాలంటే నిపుణుల నిర్ధారణ పత్రం కావాలి. ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకన్నా అమ్మేవాళ్లతో ముందే ఆ కాగితం సంగతి తేల్చుకోండి. కాగితం గురించి అడగ్గానే "ఎవరూ చూడరు, బ్యాగులో వేసుకో" అనేవాళ్ల దగ్గర కొనకండి.

తొమ్మిదో పని: వేసుకోవడం, ఇవ్వడం

కీలు కంకణాన్ని సాగదీసి తొడుక్కోకండి. ముందు చీల పైకి లాగి, రెండు రెక్కలూ తెరిచి, పెట్టుకుని మళ్లీ చీల దించండి. కీలు ఒకసారి వంకరపోతే మన కంసాలి దాన్ని వేరే రకంగా సరిచేస్తాడు, ఆ తర్వాత అది ఆ నగ కాదు. బరువైన సిర్గాలకు చెవి చుట్టూ తిప్పే చెంపసరాల లాంటి గొలుసు తోడు పెడితే చెవి తమ్మె సాగదు.

ఇచ్చే విషయంలో ఒక్కటి తప్పక గుర్తుంచుకోవాలి. కజక్‌లలో "సిర్గా సాలూ" అనే ఆచారం ఉంది. అబ్బాయి తల్లి వచ్చి అమ్మాయి చెవులకు పోగులు పెడితే సంబంధం ఖాయం చేసుకున్నట్టే. మీ అబ్బాయి అక్కడ చదువుతూ క్లాస్‌మేట్ ఇంటికి మిమ్మల్ని భోజనానికి తీసుకెళ్తే, ప్రేమ పొంగి ఆ ఇంటి అమ్మాయికి మీ చేత్తో చెవిపోగులు పెట్టకండి. స్వీట్లు పట్టుకెళ్లండి.

పదో పని: తోమకండి

మా ఇంట్లో జరిగింది చెబుతాను. సంక్రాంతి ముందు అమ్మ పూజ సామానుతో పాటు నేను తెచ్చిన షోల్పీని కూడా ముందేసుకుంది. చింతపండు గుజ్జు రాసి, ఐదు నిమిషాలు ఉంచి, పీచుతో రుద్దింది. వెండి తళతళా మెరిసింది. "చూడవే, ఎంత మురికి పట్టించి తెచ్చావో" అని చూపించింది కూడా. మధ్యలో ఉన్న పగడపు పూస మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయింది. పగడం అంటే కాల్షియం కార్బొనేట్. ఏ పులుపు తగిలినా అది కరుగుతుంది. చింతపండు, నిమ్మకాయ, సిల్వర్ డిప్ మందులు పగడానికి పనికిరావు. పెరుజా కూడా ద్రవాలను పీల్చుకునే రాయి, పసుపు నీళ్లు, నూనె, సెంటు తగిలితే రంగు మారుతుంది.

బంగారు పూత ఉన్నదాన్ని అసలే రుద్దకూడదు. పాత పూత పాదరసంలో బంగారాన్ని కలిపి పూసి, వేడికి పాదరసాన్ని ఆవిరి చేసి మిగిల్చిన పొర. విభూతితో నాలుగు సార్లు తోమితే అదీ పోతుంది. గీతల్లో ఉన్న నలుపు మురికి కాదు. చాలా నగల్లో అది కావాలని నింపినది, దాన్ని తీసేస్తే బొమ్మే కనిపించదు. ఊళ్లో కంసాలి దగ్గర "మెరుగు పెట్టి ఇవ్వు" అని ఇవ్వడం కూడా ఇంతే. ఆయన మంచి మనసుతో అరిగిన అంచులన్నీ నున్నగా చేసి ఇస్తాడు.

మరేం చేయాలి? మెత్తటి పొడి నూలు గుడ్డతో తుడవడమే, అంతకు మించి ఏమీ వద్దు. రాళ్లు, పూత, నల్ల నగిషీ ఏవీ లేని నిండు వెండి కంకణమైతే గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి కడిగి, వెంటనే పూర్తిగా ఆరనివ్వండి. దాచడానికి ఉతికిన, గంజి లేని పాత పంచె ముక్క మంచిది. ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు వద్దు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. గుడ్డలో చుట్టి జిప్ కవర్లో పెట్టి, మందుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఆ పొట్లం ఏడాదికోసారి మార్చాలి. షోల్పీ గొలుసులు చిక్కుపడకుండా అట్టముక్క మీద పరిచి దారంతో వదులుగా కట్టండి.

చివరగా, కవర్లో ఒక చీటీ వేయండి. నగ పేరు, ఎక్కడ, ఏ ఏడు కొన్నారు, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, తూకం ఎంత, ఏం మారింది, అన్నీ. మీ తర్వాత దాన్ని తీసి చూసే మనిషికి బోర్లా తిప్పితే కనిపించని సంగతులు అందులోనే ఉంటాయి. నా షోల్పీ చీటీ మీద అన్ని వివరాలూ రాశాక, అడుగున చెల్లి తన చేతివ్రాతతో ఒక వాక్యం చేర్చింది: "మధ్య పగడం తెల్లబడింది, అమ్మ, చింతపండు."